మూడో ద్వారం

పటాలు గీసే ఉద్యోగం చేసుకుంటూనే ఆమె అయిదేళ్ళు కూర్చుని ఆ ఆట తయారుచేసింది. ఒక్కరే ఆడుకునే ఆట. ఒంటరి బాటసారి చేతిలో దీపం పట్టుకుని, ఏడు ద్వారాలు దాటి, కొండ మీద నిద్రపోతున్న రెక్కల పాముని లేపకుండా దాని గుడ్డు తేవాలి. బల్ల మీద పరిచే పటం, నూటపది కార్డులు, రెండు పాచికలు, ముప్పైరెండు పేజీల నియమాల పుస్తకం.

పెట్టెలు దుకాణాలకు చేరిన పదోరోజు నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. "బొమ్మలు అద్భుతం. మూడో ద్వారం దగ్గర ఇరవైసార్లు చచ్చాను," అని ఒకరు. "ఇది ఆటా, శిక్షా?" అని ఇంకొకరు. నాలుగు పెట్టెలు వెనక్కి వచ్చాయని దుకాణదారు ఫోన్ చేసేసరికి ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"పుస్తకం తెరిచి చదివే ఓపిక లేదు వదినా వీళ్ళకి! అన్నీ అరటిపండు ఒలిచి నోట్లో పెట్టాలి."

వదిన ఆసుపత్రిలో నర్సు. ఎవరు ఎంత అరిచినా గొంతు పెంచని మనిషి. "ఆదివారం నేనాడతాలే. నువ్వు ఎదురుగా కూర్చో. కానీ నోరు మెదిపావో, లేచి వెళ్ళిపోతా."

ఆదివారం పొద్దున్నే భోజనాల బల్ల మీద పటం పరిచారు. వదిన వేలు పెట్టి ఒక్కో వాక్యమే చదువుకుంటూ ఆడింది. రెండో ద్వారం దగ్గర గాలికార్డు వచ్చింది. దీపం ఆరిపోయింది. చీకట్లోనే మూడో ద్వారానికి వెళ్ళింది. కాపలావాడు ఒక్క దెబ్బకు చంపేశాడు. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ చచ్చింది. నాలుగోసారికి ఈమెకు ప్రాణం విసిగిపోయింది.

"అయ్యో, దీపం వెలిగించుకోవేం వదినా! ఒక వంతు ఆగి విశ్రాంతి తీసుకుంటే వెలుగుతుందిగా!"

"మాట్లాడొద్దన్నానా?" వదిన పుస్తకం ఆమె ముందుకు తోసింది. "సరే, ఎక్కడుందో చూపించు."

ఆమె విసురుగా పేజీలు తిప్పింది. పద్నాలుగో పేజీలో లేదు. దీపం గురించి విడిగా గడి కట్టి రాసిన చోటా లేదు. మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు వెతికింది. ఎక్కడా లేదు. అయిదేళ్ళుగా తను ఆడుతున్నది పుస్తకం చూసి కాదు, తలలో ఉన్నది చూసి. ఆ ఒక్క వాక్యం కాగితం మీదకు రానేలేదు.

"అందరినీ తిట్టిపోశాను," అంది మొహం చిన్నబుచ్చుకుని.

"తిట్లు వాళ్ళకి వినపడలేదులే. ముందు ఆ వాక్యం రాసి పంపించు."

మర్నాడే సవరణ చీటీ అచ్చువేయించి దుకాణాల ద్వారా ఆటగాళ్ళందరికీ పంపింది. ఇక గొడవ వదిలిందనుకుంది. వారం తిరక్కుండా జవాబులొచ్చాయి. కొందరు బతికించావన్నారు. మిగతావాళ్ళు మాత్రం మండిపడ్డారు.

"దీపం వెలిగించుకుంటే ఇందులో ఏముంది? పప్పులో ఉప్పు లేనట్టుంది. మేం పాత పద్ధతిలోనే ఆడుతున్నాం. మా వాడలో ఇద్దరం గెలిచాం," అని ఒక బస్సు డ్రైవరు రాశాడు.

ఆమె ఆ ఉత్తరాన్ని బల్ల మీద కొట్టింది. "రాయకపోతే ఏడుపు, రాస్తే ఏడుపు! ఏం చెయ్యమంటారు నన్ను?"

పంతం కొద్దీ దీపం వెలిగించకుండా తనే కూర్చుంది. పదకొండుసార్లు ఆడి, పదకొండుసార్లూ చచ్చింది. పళ్ళు నూరుకుంటూ కలం తీసి, ఆ డ్రైవరుకు ఉత్తరం మొదలుపెట్టింది: "అయ్యా, ఈ ఆట చేసినదాన్ని నేనే. చీకట్లో ఆ కాపలావాణ్ణి మీరెలా దాటారో దయచేసి రాయగలరా?"