పన్నెండు సెకన్లు

"ఏడూ పది!" అని వంటగదిలోంచి అరిచాను, ఒక చేత్తో రొట్టెలకు వెన్న రాస్తూ, ఇంకో చేత్తో ఫెన్నా రెండో మేజోడు వెతుకుతూ. "ఏడూ ఇరవై!" అనేసరికి మేజోడు దొరికింది, పిల్ల మాయమైంది. స్నానాల గదిలో కుళాయి కింద వేలుపెట్టి నీటిధార చీలడం చూస్తోంది. తొమ్మిదేళ్లది. "ఇప్పుడేగా వచ్చానమ్మా!" అంది. పావుగంటైంది. "ఏడున్నర, వీబె!" ఇది పడగ్గదిలో నా మొగుడికి. పెళ్లయిన పదమూడేళ్లుగా ఈ ఇంట్లో గంటలు కొట్టేది నేనే. గోడ గడియారానికైనా అప్పుడప్పుడూ బ్యాటరీ మారుస్తారు.

"మా వంశంలో ఆలస్యమన్న మాటే లేదు" అంటుంది మా అత్తగారు. ఆ వంశం మొత్తం, ఇక్కడ అందరిళ్లలోలాగే, మా మరుగుదొడ్డి గోడకున్న పుట్టినరోజుల క్యాలెండర్‌లో ఉంది. నలభై ఒక్క పేర్లు. కార్డులు రాసేదీ కానుకలు కొనేదీ నేను, సంతకంలో మొదటి పేరు వీబెది. ఒక ఏడాది గోడకు రంగు వేయడానికి క్యాలెండర్ తీసి మళ్లీ తగిలించడం మరిచిపోయాను. వీబె తన కన్నతల్లి పుట్టినరోజే మరిచాడు. ఆవిడ మూడు వారాలు మాట్లాడలేదు, కొడుకుతో కాదు, నాతో. "వాడికి ఒక్క మాట గుర్తుచెయ్యలేకపోయావా, హిల్కే?"

ఫెన్నాకు శ్రద్ధ నిలవని లోపం ఉందని వసంతంలో తేలింది. "పిల్లని గాలికొదిలేసి జబ్బంటారేంటి!" అంది అత్తగారు. ఇవాళ బడి మాన్పించి, ఇలాంటి పిల్లల మెదడు మీద పరీక్షలు చేసే చోటికి తీసుకెళ్లాం. తలకు తీగల టోపీ పెట్టారు. మనసులో లెక్కపెట్టకుండా, పన్నెండు సెకన్లు అయ్యాయనిపించినప్పుడు మీట నొక్కాలి. ఫెన్నా ఏడుకే నొక్కింది. మళ్లీ పెడితే ఐదుకి.

"మెదడు ముందుభాగం కాలాన్ని పట్టుకోవాలి. ఇలాంటి పిల్లల్లో ఆ పని కాస్త మందకొడిగా జరుగుతుంది. సోమరితనం కాదండీ" అంది పరీక్ష చేసే అమ్మాయి. నాకు ఏడుపొచ్చింది. ఎన్ని పొద్దుటిపూటలు దాన్ని సోమరిదని తిట్టానో.

ఫెన్నా జుట్టుకంటిన జిగురు తుడుస్తుంటే, "ఇదో పెద్ద విషయమా, నన్ను చూడనివ్వండి" అని వీబె కుర్చీలో కూర్చున్నాడు. ఆరున్నరకు నొక్కాడు. నవ్వి మళ్లీ నొక్కాడు, ఏడు.

"నాన్నా, నువ్వూ నాలాగే!" అని ఫెన్నా చప్పట్లు కొట్టింది.

"సరదాకి నొక్కినదాన్ని పట్టుకుని ఏమీ చెప్పలేమండీ" అంది ఆ అమ్మాయి. నన్ను నొక్కమని ఎవరూ అడగలేదు.

ఇంటికి వస్తూ సైకిల్ తొక్కుతున్నాననే గానీ మనసు కుదురుగా లేదు. వీబె నలభై రెండేళ్ల మనిషి, కింద పదకొండుమంది పనిచేసే ఉద్యోగం, ఎవరూ ఏ లోపం పేరూ పెట్టలేదు. పెళ్లైన మర్నాడు అత్తగారు నన్ను పక్కకు పిలిచి, "వాణ్ని రెండుసార్లు లేపాలి. రెండోసారి దుప్పటి లాగెయ్" అని ఇంటి తాళాలు అప్పగించినట్టు చెప్పింది. అప్పుడు ముద్దుగా నవ్వుకున్నాను. ఇప్పుడు నా మీద నాకే ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం ఆరింటికి భోజనాల బల్ల మీద, బంగాళాదుంపల గిన్నె పక్కన, ఫెన్నాకు కొన్న గడియారం పెట్టాను. నిమిషాలు గడిచేకొద్దీ దాని ఎర్రభాగం తరిగిపోతుంది, పొద్దున అలారం కూడా కొడుతుంది. రేపు తనే లేవడానికి అలారం ఎలా పెట్టుకోవాలో నేర్పుతున్నాను. నాలుగోసారీ తప్పుగా తిప్పింది.

"రేపు ఏడింటి రైలు. ఆరుకి లేపు" అన్నాడు వీబె.

"లేపను."

"అదేంటి?"

"దీనికి నేర్పుతున్నాగా. నువ్వూ కూర్చో."

"నాకెందుకు? ఇన్నాళ్లూ బానే నెట్టుకొచ్చాగా!"

ఫెన్నా అయిదోసారి గడియారం తిప్పింది. ఈసారి సరిగ్గా.

"నీకు పెళ్లాం దొరికింది, వీబె" అన్నాను. "దీనికి దొరకదు."