గంజి దిగని బొంగులు

వెదురు గొప్పతనం గురించి జయరాజ్ మొదలుపెట్టాడంటే ఆపడం ఎవరి తరమూ కాదు. నందిగామలో అతను ఇంజినీరు. సిమెంటు కోసం కొండలు తవ్వాలి, ఇనుము కోసం కొలిమి మండాలి, వెదురు మాత్రం నరికిన చోటే మళ్లీ మొలిచి నాలుగేళ్లలో ఇంటికి స్తంభమవుతుంది అని కనబడిన వాళ్లందరికీ చెప్పేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. అబద్ధం తర్వాత ఆడాడు.

చిల్లకల్లులో తాను వెళ్లే చర్చికి వెదురు మందిరం కట్టే పని అతనికే అప్పగించారు. బొంగుల పనికి జగ్గయ్యపేట నుంచి బసవయ్యను పిలిపించాడు. తడికైనా నిచ్చెనైనా బసవయ్య చేతిమీదుగా వచ్చిందంటే ఇక చూసుకోనక్కర్లేదని పేటలో చెప్పుకుంటారు. అరవై దాటిన ఆ మనిషి బొంగులన్నీ నీటికుంటలో ముంచి, పైన బండరాళ్లు పెట్టించి, నెల దాకా ఎవరూ ముట్టుకోవద్దన్నాడు.

పదో రోజున పాస్టరు కృపారావు మందిర ప్రతిష్ఠకు తేదీ ప్రకటించేశారు. జయరాజ్ పరుగున కుంట దగ్గరికి వచ్చాడు.

"బయటికి తీయించు బాబాయ్. పని మొదలెట్టేద్దాం."

"గంజి దిగలేదు నాయనా. బొంగులో తీపుంటది. అది నీళ్లలోకి దిగిపోవాల. లేదంటే దానికోసం పురుగొస్తది."

"పైన వార్నీషు కొట్టిస్తాలే. ఇదంతా నేను చదువుకున్నా."

"నువ్వు చదివావు గానీ, పురుగు చదవలేదు గదా," అన్నాడు బసవయ్య. అయినా పని ఇచ్చినవాడి మాట కాదనలేక తీయించాడు.

ప్రతిష్ఠ ఘనంగా జరిగింది. నందిగామలో బడి నడిపే జగన్నాథరావు వచ్చి చూసి ముచ్చటపడ్డాడు. తమ బడికి ఇలాంటి గదులు రెండు కావాలని, ఈ పెద్దాయన చేతే కట్టించమని అక్కడికక్కడే చెప్పాడు. అంత పెద్ద పని బసవయ్యకు ఎన్నడూ రాలేదు. ఆ సాయంత్రమే తన వీధి వీధంతటికీ చెప్పుకున్నాడు.

వానలు వెనకపట్టేసరికి, ఓ ఆదివారం పాట మధ్యలో జనం నెత్తిన తెల్లటి పిండి రాలింది. "పైనుంచి మన్నా కురుస్తందర్రా!" అంది వెనక వరసలో జయమణమ్మ. బైబిల్లో దేవుడు ఆకాశం నుంచి కురిపించిన ఆహారం గుర్తొచ్చి అందరూ నవ్వారు. జయరాజ్ మాత్రం తల పైకెత్తి, బొంగులనిండా సూది గుచ్చినట్టున్న బెజ్జాలు చూశాడు.

మర్నాడే జగన్నాథరావు ఫోను చేశాడు. "ఏమిటండీ, పురుగు పట్టిందంటగా?"

"బసవయ్య సరిగ్గా నానబెట్టలేదండి. పెద్దవాడైపోయాడు." ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! బడి పని అక్కడితో ఆగిపోయింది. చర్చి పెద్దలకూ అదే మాట చెప్పాడు.

సంగతి తెలిసి కూడా బసవయ్య అడగడానికి రాలేదు. వచ్చి నాలుగు తిట్టిపోయినా బాగుండేది. మూడు వారాలు జయరాజ్‌కు ముద్ద మింగుడుపడలేదు.

నాలుగో ఆదివారం, తమ జీవితంలో జరిగినవి అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాడు. "తప్పు నాది. బసవయ్య వద్దన్నా వినకుండా తీయించింది నేనే," అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. మందిరమంతా "స్తోత్రం!" అని మారుమోగింది. పాస్టరు గారు కౌగిలించుకుని, "ఎంత తగ్గింపు! ఎంత వినయం!" అన్నారు. గుండె బరువు దిగిపోయినట్టై, జయరాజ్ అటునుంచటే జగ్గయ్యపేట వెళ్లాడు.

బసవయ్య వాకిట్లో కూర్చుని తట్టలకు బద్దలు చీలుస్తున్నాడు. జయరాజ్ చెప్పిందంతా విన్నాడు.

"మంచిదే నాయనా. చర్చిలో చెప్పావు. నందిగామలో చెప్పావా?"

జయరాజ్ అక్కడ చెప్పలేదు. నందిగామలో చెబితే ఇంజినీరుగా తన పరువు పోతుంది. అందుకే మెచ్చుకునే చోట ఏడ్చి, చీదరించుకునే చోట నోరు మూసుకున్నాడు. ఆ సంగతి ఇంత సూటిగా ఈయన నోట వినాల్సివచ్చినందుకు సిగ్గుతో చితికిపోయాడు. అక్కడే నిలబడి జగన్నాథరావుకు ఫోను కలిపి, బసవయ్యకు వినబడేలా స్పీకరు పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"ఈ రోజుల్లో ఇలా ఒప్పుకునేవాళ్లెవరండీ!" అన్నాడు జగన్నాథరావు. "ఆ గదులు మీరే కట్టండి. ఈసారి రెండు నెలలు నాననివ్వండి."

"బసవయ్య గారి చేతే కట్టిస్తానండి."

"ఆయన వద్దులెండి. పురుగు బసవయ్య అని ఊళ్లో పేరు పడిపోయింది. పిల్లల తల్లిదండ్రులు ఎంతమందికని సర్దిచెప్పుకుంటాం?"

అవతల ఫోను పెట్టేశారు. కత్తి పట్టిన చెయ్యి ఆపి బసవయ్య తలెత్తాడు.

"పురుగు బసవయ్య అంటన్నారా నన్ను?"

నందిగామ టీ బంకు దగ్గర ఆ పేరు జయరాజ్ నాలుగైదుసార్లు విన్నాడు. ఒకసారి అందరితోపాటు తనూ నవ్వాడు.

"అవును బాబాయ్," అన్నాడు.