పన్ను కట్టిన తన్నుబండ్లు

టోర్మోడ్‌కి చెవులు మందం. ఫోనెప్పుడూ స్పీకర్లో పెట్టే మాట్లాడతాడు. అందుకని అతని గుట్టేదైనా ఆ నార్వే రేవూళ్లో సగం మందికి అప్పటికప్పుడే తెలిసిపోతుంది. ఆ రోజు మాత్రం షెడ్డులో ఒక్కడే ఉన్నాడు.

ఆ షెడ్డే అతని కంపెనీ. పనివాడూ యజమానీ అతనే. చేసేది తన్నుబండ్లు. చెక్క కుర్చీకి కింద రెండు పొడుగాటి ఇనప కమ్మీలు. వెనక నిలబడి ఒంటికాలితో నేలను తన్నితే మంచు మీద సర్రున జారిపోతుంది. ఈమధ్య మంచూ తగ్గింది, అతని మోకాళ్లలో జోరూ తగ్గింది. ఇక కొట్టు కట్టేద్దామనుకున్నాడు.

"అమ్మాయ్, అమ్మకపు పన్ను లెక్కలోంచి నా పేరు తీసెయ్. దుకాణం బంద్," అన్నాడు ఫోన్లో.

"అలాగేనండీ. సరుకేమైనా మిగిలిందా?" పన్నుల ఆఫీసులో హల్‌దిస్ గొంతు చలికి గడ్డకట్టిన పెరుగులా ఉంటుంది.

"ఆరు బళ్లున్నాయి. ఊళ్లోవాళ్లకి ఊరికే ఇచ్చేస్తా."

"ఊరికే ఇచ్చినా అమ్మినట్టే లెక్క. పన్ను మీరే కట్టాలి."

"పోనీ, నేనే ఉంచేసుకుంటే?"

"మీకు మీరే అమ్ముకున్నట్టు."

"నాకు నేను అరువివ్వను తల్లీ. ఆ ముసలోడు ఉత్త దొంగ, నాకు బాగా తెలుసు."

అవతల కీబోర్డు టకటకలాడింది.

"సరే, పొయ్యిలో పెట్టేస్తే?"

"కాలి బూడిదైతే అమ్మకం కాదు. పన్నుండదు."

టోర్మోడ్ ఆరు బళ్ల వంకా చూశాడు. కాలిస్తే పైసా ఖర్చు లేదు, పైగా ఇల్లు వెచ్చగా ఉంటుంది. పన్ను కడితే ఆ డబ్బుతో రావాల్సిన చలికాలపు కట్టెలు రావు.

కానీ మొన్నటి చలికాలం అతను కాలు విరిగి మంచాన పడ్డప్పుడు, రొట్టెల కొట్టు ఆస్‌లౌగ్ రోజూ వేడి చారు పంపింది. పడవ నడిపే సిగ్‌బ్యోర్న్ గుమ్మం ముందు మంచు తవ్వాడు. ఇంకో నలుగురు వంతులేసుకుని షెడ్డు తెరిచి, ఒప్పుకున్న బళ్లన్నీ పూర్తి చేసిపెట్టారు. వాళ్లకి థాంక్స్ చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా జోకే ఊడిపడేది. చారు తాగి, "ఇందులో పడవ తాడు ఉడకబెట్టావా?" అన్నాడు. అతని నోరే అంత.

"పన్నే కడతాను, రాసుకో," అన్నాడు.

మర్నాడు బళ్లు తోసుకుంటూ బయల్దేరాడు. ముందు ఆస్‌లౌగ్ దగ్గరికి.

"ఇది నీకే. ఊరికే."

ఆస్‌లౌగ్ చేతులు తుడుచుకుంటూ బండి చుట్టూ తిరిగింది. వంగి కుర్చీ కింద చూసింది. "ఈల ఎక్కడ పెట్టావ్?"

"ఏం పెట్టలేదే."

"పోయినసారి నువ్విచ్చిన బండి కూర్చోగానే మేకలా అరిచింది. పాస్టరు గారి ముందు! తీసుకుపోరా బాబూ నీ బండి."

సిగ్‌బ్యోర్న్ ఇంకా ఘనుడు. కొక్కెం కర్రతో బండిని దూరం నుంచే పొడిచి చూశాడు. "సర్కసు ఏనుగు ఓడ దిగుతోందని కోసి రేవంతా మాచేత మంచు తవ్వించినవాడివి నువ్వేగా? నీ ఊరికే నాకొద్దురా నాయనా."

తక్కిన నలుగురూ తలుపే తీయలేదు. చీకటి పడేసరికి ఆరు బళ్లూ మళ్లీ అతని వాకిట్లోనే ఉన్నాయి. జన్మలో మొదటిసారి నిజం చెబితే ఒక్కరూ నమ్మలేదు. తప్పెవరిదని అడగడానికి కూడా మొహం లేదు. ఆ రాత్రి తనమీద తనే ఒక్క జోకు కూడా వేసుకోలేకపోయాడు.

తర్వాతి వారం ఆస్‌లౌగ్ కొట్లో కాఫీ ముందు దిగాలుగా కూర్చున్నాడు. సిగ్‌బ్యోర్న్, ఆ నలుగురూ అక్కడే ఉన్నారు. వీడు నోరెత్తకపోతే ఏం కొంప ముంచుతాడోనని ఎవరి కప్పు వాళ్లు దగ్గరికి లాక్కున్నారు. ఫోను మోగింది. అలవాటుగా స్పీకర్ నొక్కాడు.

"టోర్మోడ్ గారూ, హల్‌దిస్‌ని. ఇవాళ్టితో మీ రిజిస్ట్రేషన్ రద్దయింది. ఆరు బళ్ల పన్నూ ముట్టింది." గొంతు తగ్గించింది. "నాకు సంబంధం లేదు గానీ... కాలిస్తే పన్నుండదని చెప్పాను కదా. ఎందుకు కట్టారు?"

టోర్మోడ్ బల్ల మీద రొట్టెపొడిని వేలితో ఓ పక్కకి తోశాడు. "కాలు విరిగినప్పుడు ఊళ్లోవాళ్లే నన్ను చూసుకున్నారమ్మాయ్. నోటితో చెప్పడం చేతకాదు. బండితో చెబుదామనుకున్నా. తీసుకోలేదనుకో."

ఈ మనిషి పాస్టరుతో పరాచికాలాడతాడు, చావుతోనూ ఆడతాడు. కానీ పన్నుల వాళ్లకి డబ్బు కట్టి మరీ పరాచికాలాడేవాడు నార్వే మొత్తంలో పుట్టలేదు. అది అక్కడున్న అందరికీ తెలుసు. సిగ్‌బ్యోర్న్ కిటికీ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు. ఆస్‌లౌగ్ టోర్మోడ్ కప్పు నిండా కాఫీ పోసింది.

"మంచి కంపెనీ నడిపారు," అని హల్‌దిస్ ఫోను పెట్టేసింది.

పొద్దున లేచి చూస్తే వాకిలి ఖాళీ. మంచు మీద ఆరు జతల గీతలు రేవు దాకా పోయి ఉన్నాయి. గోడవారన పేర్చిన కట్టెలు, చలికాలమంతటికీ సరిపడా. గుమ్మంలో పళ్లెం, దాని మీద గళ్లగళ్ల తీపి అట్లు, వేడి వాఫిళ్లు, పైన గోధుమరంగు జున్ను ముక్కలు.

టోర్మోడ్ పళ్లెం అందుకున్నాడు. ఒకటి తీసి పెద్ద ముక్క కొరికాడు.

ఉప్పు. చక్కెర బదులు చక్కెరంత ఉప్పు!

కట్టెల వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకొకరు ఆ నోరు నొక్కారు. మేకలా మరొకరెవరో అరిచారు.

టోర్మోడ్ గుమ్మంలోనే చతికిలబడి, కళ్లు ధారాపాతంగా కారుతుంటే, పళ్లెం ఖాళీ అయ్యేదాకా తిన్నాడు.

"ఆస్‌లౌగ్!" అని కట్టెల వైపు కేకేశాడు. "ఉప్పు కాస్త తగ్గిందే!"