ఎవరూ పెట్టుకోని పేరు

తిర్జా బెన్‌వెనిస్తే మీద జెలిగ్‌కి కోపం బాతు దగ్గర మొదలైంది.

పిల్లల పుస్తకం అన్నాక అందులో ఒక జంతువు ఉండి తీరాలట. జంతువు లేకపోతే అయిదో తరగతి పిల్లలు నాలుగో పేజీ తిప్పరట. ఈ రహస్యం కనిపెట్టినందుకే తిర్జాకు ఆ ప్రచురణ సంస్థలో జీతమిస్తున్నారని జెలిగ్ అభిప్రాయం. నాజీల చేతి నుంచి ప్రాణాలతో బయటపడ్డ ముసలివాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లు చెప్పింది రాసుకుని, చేదుమాత్రకు చక్కెర పూసినట్టు పూసి బడిపిల్లలకు అందించడం ఆవిడ పని. అప్పటికే ఒక తాతగారి పుస్తకంలో కుక్కను, ఒక మామ్మగారి పుస్తకంలో కుంటి గుర్రాన్ని బతికించింది. మనుషుల సంగతి ఆవిడ చేతిలో లేదు, పాపం. జంతువుల్ని మాత్రం ఒక్కదాన్ని కూడా పోనివ్వలేదు.

ఈసారి వంతు జెలిగ్ తల్లి బ్లూమాది. హైఫాలో, మెట్లవీధిలో, రెండో అంతస్తు. ముసలామెకు డెబ్బై రెండేళ్లు. కంటికి శుక్లాలు, నోటికి పదును. తిర్జా వచ్చే రోజుల్లో పని మానుకుని వచ్చి వంటింట్లో కూర్చోమని కొడుక్కు ఆజ్ఞ వేసింది. "చదువుకున్నదిరా, ఒక కన్నేసి ఉంచు," అంది. జెలిగ్ ఎనిమిదో తరగతిలో బడి మానేసి కిటికీ షట్టర్లు బాగుచేసే పనిలో పడ్డవాడు. చదువుకున్నవాళ్ల మీద కన్నేసి ఉంచడం అతనికి ఇష్టమైన పనే.

"మీ ఇంట్లో ఏమన్నా పెంచుకునేవారా అమ్మమ్మా?" అని తిర్జా మొదటిరోజే అడిగింది.

"నాకు మనవరాళ్లు ముగ్గురు. నిన్ను కన్నట్టు మా పిల్లలెవరూ చెప్పలేదు."

"సరే, బ్లూమా గారూ. పెంచుకునేవారా?"

"బాతును పెంచాం. ఇంత పెద్దది."

తిర్జా కలం మూత తీసింది. "దాని పేరేమిటి?"

"బాతుకు పేరేమిటమ్మా? బాతు. మెడ పట్టుకుని మొక్కజొన్న గింజలు కుక్కేవాళ్లం, కొవ్వు పట్టాలని."

"తర్వాత దానికేమైంది?"

"తిన్నాం."

తిర్జా కలం ఆగింది. బ్లూమా టీ గ్లాసులో నిమ్మచెక్క పిండుకుని తీరిగ్గా చెప్పుకొచ్చింది. "పస్కా పండుగ అయిన మర్నాడు పోలీసులొచ్చి మూటలు కట్టుకోమన్నారు. యూదులందర్నీ ఒకచోట పోగేసే ఇటుకల బట్టీకి తోలుతామన్నారు. అమ్మ ముందు బాతును కోయించింది. మా ఆచారం ప్రకారం కోసే ఆయన ఇంటిముందు ఊరంతా వరసలో నిలబడ్డారు, తలా ఒక బాతు చంకలో పెట్టుకుని. మా ఊళ్లో యూదులందరికీ ఒకేసారి వచ్చిన తెలివి అదొక్కటే. మాంసం తిన్నాం, కొవ్వు డబ్బాలో పోసుకున్నాం. వదిలేస్తే పొరుగువాళ్లు తినేవాళ్లు. మిగతావన్నీ వాళ్లే తిన్నారుగా."

"ఇది పిల్లలకు కాస్త..." అంది తిర్జా.

"రుచిగా ఉందమ్మా. అది రాసుకో."

రాసుకోలేదు. వారం తిరిగేసరికి బాతుకు మబ్బు అని పేరు వచ్చింది. అట్టమీద దాని బొమ్మ కూడా వేయించేశారు, తెల్లగా, కళ్లు పెద్దవి చేసుకుని. బ్లూమా దాన్ని పొరుగింటి మంచి రైతుకు అప్పగించి మెడ కౌగిలించుకుని ఏడ్చిందట. ఆ మంచి రైతు ఎవరో బ్లూమాకు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

జెలిగ్ బల్ల గుద్దాడు. ముసలామె అతని చేతి మీద తన చెయ్యి వేసింది. ఆమె లెక్క ఆమెకుంది.

"చూడమ్మాయ్," అంది తిర్జాతో. "బాతును బతికించుకో. నాకు పోయేదేం లేదు. శిబిరంలో చారు వేడిగా ఉండేదని రాసుకున్నావట, సరే, ఉండనీ. నేను కంచెలోంచి వెన్నెల చూసి పాట పాడానని రాశావట. నా గొంతు విన్నవాళ్లెవరూ నమ్మరు గానీ, అదీ ఉండనీ. నాకు ఒక్కటే కావాలి. నా చెల్లెలు దోబ్రిష్. దాని పేరు అచ్చులో ఉండాలి."

అది ఆమె అసలు కోరిక. పుస్తకానికి ఒప్పుకున్నదే అందుకు. దోబ్రిష్‌కి ఏడేళ్లు. రైలు దిగిన చోట అమ్మతోపాటు ఎడమపక్కకు, చంపడానికి తీసుకెళ్లే వరసలోకి వెళ్లింది. పదమూడేళ్ల బ్లూమా పదహారని అబద్ధమాడి కుడిపక్కకు, పనికి ఉంచుకునేవాళ్ల వరసలోకి వచ్చింది. దోబ్రిష్‌కి సమాధి లేదు, ఫొటో లేదు. వాళ్ల ఆచారంలో ఇలాంటి బాకీ తీర్చడానికి ఒక దారుంది. పోయినవాళ్ల పేరు పుట్టినవాళ్లకు పెడతారు. బ్లూమా ముగ్గురు మనవరాళ్లు పుట్టినప్పుడూ ఆసుపత్రికి వెళ్లి మంచం పక్కన నిలబడి అడిగింది. దోబ్రిష్ అంటే వంట పాత్ర పేరులా ఉందని అల్లుడన్నాడు. ఆ పేరుతో బడికి పంపితే పిల్ల సాయంత్రానికి తిరిగిరాదని కోడలంది. పెద్దది షిర్, రెండోది లియోర్, మూడోది, జెలిగ్ కూతురు, షకేద్ అయ్యారు. అన్నీ చక్కటి పేర్లే. పాట, వెలుగు, బాదంచెట్టు అని వాటి అర్థాలు. పోయినవాళ్లెవరూ వాటిలో లేరు.

"దోబ్రిష్ తప్పకుండా ఉంటుంది బ్లూమా గారూ," అని తిర్జా మాటిచ్చింది. ఆ రోజు గసగసాల రొట్టె రెండు ముక్కలు తిని, మూడోది రుమాల్లో చుట్టుకుని వెళ్లింది.

నెల తర్వాత అచ్చుకు ముందు సరిచూసుకోమని కాగితాల కట్ట వచ్చింది. అమ్మకు కళ్లు ఆనవు కాబట్టి జెలిగ్ చదివాడు. అక్షరాల మీద వేలు పెట్టి, మెట్లు దిగే ముసలివాడిలా ఒక్కొక్కటే. బాతు ఎనిమిది పేజీలు బతికింది. చారు వేడిగా వచ్చింది. బ్లూమా కళ్లు మూసుకుని, కాలు ఊపుతూ, దేనికీ అడ్డు చెప్పకుండా వింటోంది. తన వంతు కోసం చూస్తోంది.

"రైలు తలుపు తెరుచుకుంది," అని చదివాడు జెలిగ్. "నా చిట్టి చెల్లెలు..."

ఆగిపోయాడు.

"చదవరా."

"నా చిట్టి చెల్లెలు షకేద్ నా చెయ్యి పట్టుకుంది."

ముసలామె కాలు ఊపడం ఆగింది. ఎడమభుజం మీదుగా మూడుసార్లు ఉమ్మింది. కుర్చీలోంచి లేచి, తడుముకుంటూ వచ్చి, జెలిగ్ చేతిలో కాగితం లాక్కుని బోర్లా పెట్టి దానిమీద ఉప్పుడబ్బా పెట్టింది, అదేదో లేచి పారిపోతుందన్నట్టు.

"నీ కూతురెక్కడుంది?"

"బళ్లో ఉందమ్మా."

"ఫోను చెయ్యి."

"బళ్లో ఫోను..."

"చెయ్యరా."

చేశాడు. బడి ఆఫీసులోని మనిషి విసుక్కుంటూ వెళ్లి చూసొచ్చి, షకేద్ తరగతిలోనే ఉందని, పక్కపిల్ల జడ లాగుతోందని చెప్పింది. అప్పుడుగానీ ముసలామె కూర్చోలేదు. "ఇప్పుడు దానికి చెయ్యి," అంది. దానికి అంటే తిర్జాకు.

తిర్జా మర్నాడు పూలగుత్తితో వచ్చింది. ఈ ఇంట్లో తనకు కృతజ్ఞతలు కాచుకుని ఉన్నాయన్నట్టు ముఖం వెలిగిపోతోంది.

"నచ్చిందా? మీకు చెప్పకుండా చేద్దామనుకున్నాను. మీ షకేద్‌ని చూసినప్పుడే అనిపించింది, ఆ చిన్నిపిల్ల పేరు ఈ పిల్లలో బతకాలని."

"తిరగేశావు," అన్నాడు జెలిగ్. "ఈ పిల్ల పేరు ఆ పిల్లలో చంపావు."

"అదేంటండీ? మా వాళ్లలో ఇంతకన్నా పెద్ద గౌరవం లేదు. మా అమ్మమ్మ బతికుండగానే నాకు ఆవిడ పేరు పెట్టారు. ఆవిడ ఇజ్మీర్ నుంచి తెచ్చుకున్న గాజులు నాకు తొడిగి వీధంతా మిఠాయిలు పంచింది. నన్ను పిలిచినప్పుడల్లా మురిసిపోయేది."

"తుర్కీ నుంచి వచ్చిన యూదులకు అది గౌరవం," అంది బ్లూమా. "మా దగ్గర బతికున్నవాళ్ల పేరు తీసి ఇంకొకరికి పెట్టడమంటే, గోడ మీద ఆ మనిషి ఫొటోకు ముందుగానే మేకు కొట్టినట్టు. మృత్యుదూతకు చూపు ఆనదమ్మా. నాకన్నా గుడ్డివాడు. పేరు పెట్టి పిలుస్తాడు, ఎవరు పలికితే వాళ్లను పట్టుకుపోతాడు. పోయినదాని పేరు షకేద్ అని నువ్వు వేల పుస్తకాల్లో అచ్చేస్తే, వాడు అయిదో తరగతులన్నీ తిరిగి వెతుక్కోడా?"

"మీరు దేవుణ్ణి నమ్మరుగా. నాలుగో అధ్యాయంలో చెప్పారు. నేనే తీసేశాను."

"దేవుణ్ణి నమ్మను. దూతను చూశాను. ఆ రోజుల్లో వాడు పేర్లు కూడా అడగలేదు. ఇప్పుడు తీరిగ్గా ఉన్నాడు."

తిర్జా పూలగుత్తి బల్లమీద పెట్టింది. ముఖంలో వెలుగు సగానికి దిగింది. కావాలని చేసింది కాదని జెలిగ్‌కి తెలుస్తూనే ఉంది. అదే అతనికి మరీ మంట. కావాలని చేసి ఉంటే తిట్టి మెట్లు దింపొచ్చు.

"సరే, మార్చేద్దాం," అంది తిర్జా. "కానీ దోబ్రిష్ వద్దు. పిల్లల పుస్తకాలు ఆమోదించే కమిటీలో మనస్తత్వ నిపుణురాలు ఒప్పుకోదు. ఆ పేరు వినగానే పిల్లలు నవ్వుతారంది. రైలు దిగే ఘట్టంలో నవ్వితే బాగుండదుగా. చక్కటి పేరు ఇంకోటి పెడదాం. నోవా."

"పై అంతస్తులో నోవా ఉంది," అంది బ్లూమా. "ఆరేళ్లది. నా చెత్తబుట్ట కిందకు దింపేది అదే."

"మాయా."

"షకేద్ తరగతిలో ఇద్దరు మాయాలు," అన్నాడు జెలిగ్.

"షిర్... వద్దు, అది మీ మనవరాలే. తల్."

"రొట్టెల కొట్టు యోష్కా మనవరాలు. మొన్ననే మశూచిలాంటిదేదో వచ్చి తగ్గింది, దాన్నొదిలెయ్."

"గాలీ."

"కింద కుట్టుమిషను ఆవిడ కూతురు."

తిర్జా కిటికీ వైపు చూసింది. వీధిలో పిల్లలు ఎవరినో ఒకరిని పిలుస్తూనే ఉన్నారు.

"చెప్పమ్మా," అంది బ్లూమా. గొంతులో ఇప్పుడు వెటకారం లేదు. "ఏ పిల్లను పంపమంటావు? నువ్వే ఎంచు. నాకు ఎంచడం చాతకాదు. అక్కడ వేరేవాళ్లు ఎంచారు."

టీ చల్లారిపోయింది.

"ఈ దేశం మొత్తం మీద ఏ పిల్లకూ లేని పేరు ఒక్కటుంది," అంది బ్లూమా. "నేను మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ ఎవరూ తీసుకోలేదు. ఆ పేరు రాస్తే ఎవరి పిల్లకూ ముప్పు లేదు. దాని పేరు దానికే ఉంచు."

"నవ్వుతారు బ్లూమా గారూ."

"నవ్వనీవే. అదీ నవ్వేది. రైల్లో కూడా నవ్వింది, ఎవరో ముసలాయన గురక పెడుతుంటే. ఏడేళ్ల పిల్ల, ఏం తెలుసు?"

తిర్జా కాగితం మీది ఉప్పుడబ్బా జాగ్రత్తగా పక్కన పెట్టి, షకేద్ అన్న చోటల్లా కొట్టేసింది. పైన దోబ్రిష్ అని రాసింది. ప్రతిసారీ రాసింది బ్లూమాకు చదివి వినిపించింది. ఆ ఒక్క సాయంత్రానికి జెలిగ్ ఆమెను క్షమించి ఉండేవాడే, ఆమె అంతటితో లేచి వెళ్లి ఉంటే.

"ఒక చిక్కుంది," అంది తిర్జా, కలం మూత పెడుతూ. "వింత పేరు ఉంచాలంటే కమిటీ ఒక వివరణ అడుగుతుంది. పాతకాలం పేర్లు ఎలా ఉండేవి, ఎందుకు నవ్వకూడదు, తరగతిలో చర్చించుకోవడానికి ప్రశ్నలు. రెండు పేజీలు పడుతుంది. పుస్తకం అరవై నాలుగు పేజీలు. పెంచడానికి లేదు, కాగితం పదహారేసి పేజీల మడతల్లో వస్తుంది. ఏదో ఒకటి తియ్యాలి."

"బాతును తియ్యి," అన్నాడు జెలిగ్.

"అట్టమీద ఉందండీ."

"చారు తియ్యి."

"అది తీస్తే ఆశ తగ్గిపోతుంది." తిర్జా కాగితాలు తిరగేసి, ఎవరి వైపూ చూడకుండా అంది. "తోట ఉంది. కథ ముందుకు నడవదు అక్కడ. పిల్లలకు భూమి కొలతలు అక్కర్లేదు."

తోట జెలిగ్ అడిగి పెట్టించుకున్నది. పుస్తకం మొత్తంలో అతను అడిగింది అదొక్కటే. అమ్మ పుట్టిన ఊరు కిష్‌మెజోలో తాతకు ప్లమ్ పళ్ల తోట ఉండేది. జెలిగ్ దాన్ని ఎప్పుడూ చూడలేదు. చిన్నప్పటి నుంచీ అమ్మ నోట విన్నాడు, సరిహద్దు రాళ్లతో సహా. దస్తావేజులు ఇంటితోపాటే పోయాయి. అతను ఆ ఊరి పంచాయతీకి మూడుసార్లు రాశాడు. అలాంటి తోట, అలాంటి మనిషి తమ రికార్డుల్లో లేరని మూడుసార్లూ మర్యాదగా జవాబిచ్చారు. ఇక లోకంలో ఆ తోట ఎవరిదో చెప్పే కాగితం ఏదన్నా ఉంటే అది ఈ పిల్లల పుస్తకమే. మంచి రైతు ఇప్పుడు దాని పళ్లు తింటున్నాడని జెలిగ్ నమ్మకం, పుస్తకంలో బాతును కాపాడినవాడే.

బ్లూమా కొడుకు వైపు తిరిగింది. ఆమెకు అతని ముఖం మసకగానే కనిపిస్తుంది. అడగలేదు. నలభై ఏళ్లుగా ఆ తోట చెట్టు చెట్టూ అతనికి అప్పజెప్పినది ఆమె. తోట తియ్యొద్దని అతనంటే వాదించేది కాదు. అది అతనికి తెలుసు.

"కావాలంటే ఆలోచించుకుని రేపు..." అంది తిర్జా.

"రేపెందుకు. కొట్టెయ్."

"జెలిగ్," అంది బ్లూమా.

"నువ్వు టీ తాగమ్మా." తిర్జా వైపు తిరిగాడు. "కొట్టేసేటప్పుడు పైకి చదువు. ఇందాక చదివావుగా."

తిర్జా గొంతు సవరించుకుని చదువుతూ గీత గీసింది. కిష్‌మెజో ఊరికి పడమట, వాగుకు ఇవతలి గట్టున, మూడెకరాల నలభై సెంట్లు, నూట ముప్పై ఆరు ప్లమ్ చెట్లు, ఒక రాతి బావి.