మర్చిపోయిన తొమ్మిది చుక్కలు

"నా టవలు ఎక్కడుంది?"

పదకొండేళ్ళుగా మా ఆయన నాకు ఫోన్ చేసేది ఇందుకే. ఆ పొద్దున నేను ల్యాబులో గాజు గొట్టంలోకి ఎంజైమ్ చుక్కలు వేస్తున్నాను. గొట్టంలో ఉన్నవి పెప్టైడ్లు, అంటే ప్రోటీన్ తునకలు. ఒక్కోదానికీ ఓ టోపీ ఉంటుంది, అది ఉన్నంతసేపూ ఒకదాన్నొకటి అంటుకోవు. ఎంజైమ్ ఆ టోపీలు ఊడదీస్తే వాటంతటవే వరుసకట్టి సన్నని తీగలవుతాయి, వాటిలో కరెంటు పారుతుంది. పారాలి. రెండేళ్ళుగా మాకు దక్కినవి ఉండలే. పది చుక్కలు వేయాల్సిన చోట ఒక్కటి వేశాను, ఫోన్ మోగింది. తలుపు వెనక కొక్కేనికి ఉందండీ అన్నాను. ఆ వెనకే అత్తగారి మందుల చీటీ, పాప బూట్లు అడిగాడు. అన్నీ చెప్పి గొట్టానికి మూత పెట్టేశాను. మిగతా తొమ్మిది చుక్కలూ మర్చేపోయాను.

మర్నాడు మీటరు పెట్టి చూస్తే అంకె ఎగబాకింది. మైక్రోస్కోపులో నున్నగా దువ్విన జుట్టులా తీగలు. నాకు నవ్వాగలేదు. ఇన్నాళ్ళూ తొందరపెట్టి వాటిని గుంపులోకి తోసేశాం. మెల్లగా టోపీలు తీస్తే వాటి చోటు అవే చూసుకున్నాయి. నోట్‌బుక్‌లో జరిగింది జరిగినట్టు రాయాలన్నది మా రూలు. రాశాను: "టవలు ఫోన్. ఒక్క చుక్కే పడింది." ఆ తర్వాత కావాలనే ఒక్క చుక్కే వేసి మూడుసార్లు చూశాను. మూడుసార్లూ కరెంటు పారింది.

మా ల్యాబు పెద్దసారు పొంగిపోయారు. ఆ ఊపులోనే, పొరుగూరి సదస్సులో ఈ సంగతి మన జూనియర్ చెప్తాడులే, నీకు రెండ్రోజులు ఇల్లు వదలడం కుదరదుగా అన్నారు. నన్నడగనే లేదు. ఎప్పుడూ తలూపేదాన్ని. ఆ గొట్టాలు కడగడానికి అంత చదువెందుకో అని అత్తగారన్నప్పుడూ ఊరుకున్నాను. ఈసారి ఒళ్ళు మండింది.

"నేనే వెళ్తానండి," అన్నాను.

ఇంట్లోనూ అంతే చెప్పాను. ఏది ఎక్కడుందో రాసి గోడకి అంటించలేదు, రెండ్రోజుల వంట ఫ్రిజ్‌లో పెట్టలేదు. మా ఆయన బిక్కమొహం వేశాడు. బ్యాగు సర్దుకుని బస్సెక్కాను.

సదస్సులో ఆ నోట్‌బుక్ పేజీ ఉన్నదున్నట్టు చదివాను. హాలంతా నవ్వింది, ఆ తర్వాత చప్పట్లు. ప్రశ్నలన్నిటికీ నేనే జవాబు చెప్పాను. గాల్లో తేలుతూ వేదిక దిగుతుంటే ఇంటినుంచి ఫోన్. టవలే అనుకున్నాను.

"అమ్మ కనుక్కోమంటోంది," అన్నాడు, "చప్పట్లు కొట్టారా అని."

కొట్టారని చెప్పాను. టవలు ఎక్కడుందో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.