వదినకు ఆఖరున ఇచ్చిన టీ

ఎన్నికల్లో ఓడినప్పటి నుంచీ మా ముందుగదిలో అందరూ అందరినీ ఓరకంట చూసుకుంటున్నారు. పేటలోని ఆసుపత్రిని మూసెయ్యకూడదని పుట్టిన సంఘం మాది. మా ఆయన అధ్యక్షుడు; అంటే టీ పెట్టేది నేను. ఆ ఆసుపత్రి నర్సునే అభ్యర్థిగా నిలబెట్టి ఘనంగా ఓడిపోయాం.

ఓటమికన్నా మింగుడుపడనిది ఇంకొకటుంది. మేం ఏ వీధిలో సభ పెట్టాలనుకుంటే ఆ వీధిలో అవతలివాళ్ళు ముందే కుర్చీలు వేసుకుని కూర్చునేవారు. ఎవరో మా గుట్టు మోస్తున్నారు.

అనుమానమంతా మా ఆడపడుచు మీదే. ఆవిడ టైలరు. మా జెండాలు కుట్టిన చేత్తోనే అవతలి నాయకుడి భార్యకు జాకెట్లూ కుట్టింది. కొలతలు తీసేటప్పుడు నోరు ఊరుకుంటుందా అన్నాడు మా ఆయన, సొంత అక్క గురించి. ఆడపడుచు మీద నిందంటే ఏ మరదలి చెవులు నిక్కవు? నేనూ నమ్మేశాను.

మర్నాడు పొద్దున్నే గెలిచిన అవతలివాళ్ళు ఆసుపత్రికి తాళం వేస్తారని కబురు. వాళ్ళకంటే ముందే వెళ్ళి వెనక గేటుకు అడ్డంగా కూర్చోవాలని గుసగుసల్లో తేల్చారు. మా సభల మైకు మనిషి అద్దె సామాను తిరిగిచ్చే ముందు పరీక్షించాలని బయటికెళ్ళాడు. అప్పుడు వదినను పిలిపించారు. టీ ఆవిడకు ఆఖరున, చల్లారాక ఇచ్చాను. కప్పు ముట్టలేదు. తప్పు చేసినవాళ్ళకు గొంతు దిగదులే అనుకున్నాను.

ఇక మీటింగులకు రావద్దని మా ఆయన నేల చూస్తూ చెప్పాడు. వదిన లేచి చెప్పులు వేసుకుంటోంది. ఇంతలో వీధంతా దద్దరిల్లింది.

"హలో... హలో... రేపు పొద్దున వెనక గేటు... అందరూ వెనక గేటు..."

గదిలో తలలన్నీ వీధి వైపు తిరిగాయి.

"వెనక గేటేంట్రా?" అంది వదిన.

మైకు మనిషిని లోపలికి లాక్కొచ్చారు. ఉత్త హలోలతో మైకు సంగతి తేలదనీ, మనసులో ఉన్నదేదో అంటాననీ చెప్పాడు. ప్రచారమప్పుడు రోజూ ఎక్కడ పరీక్షించేవాడివని నర్సు అడిగింది.

"అవతలివాళ్ళ ఆఫీసు వెనక సందులో అండీ. అక్కడైతే ఒక్కరూ గోల చెయ్యరు."

"ఎందుకు చేస్తారు నాయనా," అన్నాను.

మా ఆయన అక్క వైపు తిరిగాడు. ఆవిడ తమ్ముణ్ణి కాకుండా మైకు మనిషిని చూసింది.

"ఇప్పుడూ ఆ సందులోకే వెళ్ళి ఇంకోసారి పరీక్ష చెయ్యి. వెనక గేటనే చెప్పు. మనం ముందు గేటు దగ్గర కూర్చుందాం."

'మనం' అన్నదని గమనించి వంటింట్లోకి పరుగెత్తాను. పొగలు కక్కే టీ తెచ్చి ముందు ఆవిడకే ఇచ్చాను.

వదిన చెప్పులు విప్పి కూర్చుంది. కప్పు అందుకుని, దానివంక ఒకసారి, నావంక ఒకసారి అనుమానంగా చూసి, అప్పుడు తాగింది.