సైకిలు మీద పిలుపులు

దీప్తీ, ఆ కుర్చీ ఇంకాస్త ఇటు లాక్కో. ఫ్యాను చప్పుడులో నా మాట నీకు సగమే అందుతుంది. మీ అమ్మ పెళ్లికి నేను సైకిలు మీద ఊరూరూ తిరిగి పిలుపులు పిలిచానని నీకెవరో చెప్పారటగా. చెప్పింది నిజమే గాని, చెప్పినవాళ్లకు ఆఖరి రోజు సంగతి తెలియదు. అది నాకూ, దివిసీమలో ఉండే మీ సత్యవతమ్మ అమ్మమ్మకూ మాత్రమే తెలుసు.

మీ తాతయ్య పోయేనాటికి మీ అమ్మ ఇంకా బడికి వెళ్తోంది. పొలం కౌలుకిచ్చి, గేదెల్ని పెట్టుకుని, మా పల్లె పాలన్నీ క్యాన్లకెత్తి గుడివాడ రోడ్డులోని పాలకేంద్రానికి సైకిలు మీద తోలేదాన్ని. మొదట్లో చీర కుచ్చెళ్లు గొలుసులో పడతాయని ఊరంతా నవ్వింది. తర్వాత తర్వాత నా బెల్లు వినపడితేనే పొయ్యి వెలిగించేవాళ్లు. ఆ సైకిలు అలా నాకు కాళ్లతో సమానమైపోయింది.

ఫాల్గుణంలో మీ అమ్మకు ముహూర్తం కుదిరింది. మన వైపు శుభలేఖ పోస్టులో పడేస్తే అది పిలుపు కాదు. ఇంటికి వెళ్లి, ఆ ఇంటి ఆడదానికి బొట్టు పెట్టి, నోటితో పిలవాలి. భర్త లేని ఆడది బొట్టు పెట్టకూడదని వాడుక. అందుకని తోడికోడళ్లూ వాళ్లూ నా తరఫున వెళ్తామన్నారు. ఒకరికి పిల్లల పరీక్షలు, ఒకరికి మినుము కోతలు, ఒకరికి నడుం నొప్పి. రోజులు గడిచిపోతున్నాయి. చివరికి ఒక ఉదయం పాలు పోసి వచ్చి, క్యాన్లు దించేసి, కుంకుమ భరిణె, శుభలేఖలు, ఒక జత చీర సంచిలో పెట్టుకుని నేనే బయలుదేరాను. గేదెల్ని మీ అమ్మ చూసుకుంది.

ప్రతి ఇంట్లోనూ భరిణె మూత తీసి చాచేదాన్ని. ఆ ఇల్లాలే వేలితో తీసుకుని పెట్టుకునేది. బందరులో ఒకావిడ మొహం చిట్లించింది. చిట్లించి కూడా పెట్టుకుంది. అంతే చాలనుకున్నాను. పగలు తొక్కడం, చీకటి పడే వేళకు ఏ చుట్టాలింట్లోనో ఆగడం. చలికాలం వెళ్లిపోయే రోజులు. గట్ల వెంబడి మినుము పీకి కుప్పలు వేస్తున్నారు. దారంతా పచ్చి వాసన. ఒంటరిగా తిరుగుతున్నానన్న దిగులు లేకపోగా, ఇన్నేళ్లూ ఎందుకు తిరగలేదా అనిపించింది.

ఆఖరి రోజు ముందటి సాయంత్రం చల్లపల్లి చేరాను. అక్కడ ప్రభావతి అక్కయ్య ఉండేది. మీ తాతయ్యకు అన్న వరసైన మల్లికార్జునరావు బావగారి భార్య. మర్నాడు పొద్దున్నే కాఫీ చేతికిస్తూ, మెల్లగా ఒక మాట బయటపెట్టింది. సత్యవతమ్మ వదిన మండిపడుతోందట. అందర్నీ పిలిచి, మిగిలిన పిలుపు పడేసే ఇంటికి నేనెందుకు రావాలి అని సంతలో నలుగురి ముందూ అన్నదట.

కాఫీ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది. సత్యవతమ్మ వదిన మీ తాతయ్యకు సొంత అక్క. ఏ శుభకార్యానికైనా మొదటి పిలుపు ఆడపడుచుదే. ఆ సంగతి నాకు తెలియక కాదు. నేను పాలు తోలే మనిషిని. పాల క్యాన్లకు దగ్గర ఇల్లు ముందు, దూరం ఇల్లు వెనక. అదే వరసలో గుడివాడ పల్లెల నుంచి మొదలుపెట్టి, బందరు, చల్లపల్లి చూసుకుని, దివిసీమ చివరనున్న ఆడపడుచు ఇంటిని ఆఖరున పెట్టేశాను. బయలుదేరిన రోజు నుంచీ ఒక్కసారి కూడా అది నాకు తట్టలేదు.

మామూలు చుట్టమైతే రాకపోతే పోనిలే అనుకోవచ్చు. కన్యాదానానికి పీటల మీద దంపతులు కూర్చోవాలి. నేను కూర్చోవడానికి లేదు. సత్యవతమ్మ అత్తయ్య, సుబ్బారావు మామయ్యే నన్ను ధారపోయాలి, ఇంకెవరు కూర్చున్నా నాకు నాన్న గుర్తుండడు అని మీ అమ్మ పట్టుబట్టింది. నాన్నను ఏదడిగినా ఇచ్చేవాడు. నన్ను ఆ పిల్ల అడిగింది ఆ ఒక్కటే.

ప్రభావతి అక్కయ్య మంచిదే. వెనక్కి వెళ్లిపో అనసూయా, పీటల మీద మేం కూర్చుంటాం, మీ బావగారు కాదనరు అంది. వెళ్లేటట్టయితే దక్షిణం దిక్కు ఆఖరున వెళ్లమని పంతులుగారు చెప్పారని చెప్పేయమంది. రెండూ విన్నాను. కాఫీ తాగేసి, సంచి క్యారియరుకు కట్టి, సైకిలెక్కాను.

మోపిదేవి దాటి పులిగడ్డ అక్విడెక్టు మీదికి వచ్చేసరికి గాలి మొదలైంది. కింద కృష్ణ పాయ, పైన కాలువ. ఆ గాలికి సైకిలు పక్కకు జరిగిపోతుంటే దిగి నడిపించాను. నడుస్తూ, పంతులుగారి మీద పెట్టే ఆ అబద్ధాన్ని ఒకటికి రెండుసార్లు నోట్లో చెప్పుకుని చూశాను. నా గొంతులో అది నాకే నచ్చలేదు. అక్కడే ఆ కృష్ణలో వదిలేశాను.

అవనిగడ్డలో గాలి కొట్టించుకుందామని సైకిలు షాపు దగ్గర ఆగాను. షాపతను చక్రం నొక్కి చూసి, ఎక్కడి నుంచండీ అని అడిగాడు. గుడివాడ అవతల నుంచన్నాను.

"సైకిలు మీదే వచ్చారా పిన్నిగారూ?"

"లేకపోతే అది నా మీద వచ్చిందా అబ్బాయ్?"

అతను పంపు వదిలేసి మరీ నవ్వాడు. ఆ నవ్వుతో నాకూ గుండె కుదుటపడింది.

నాగాయలంక దారిలో సముద్రం గాలి ఎదురు తిరిగింది. తొక్కుతుంటే ముందుకు వెళ్తున్నానో నిలబడ్డానో తెలియడం లేదు. అయినా దిగలేదు. వదిన వాళ్ల ఊరు నాగాయలంకకు ఇవతలే. వాళ్ల వీధిలోకి తిరిగేటప్పుడు బెల్లు కూడా గట్టిగానే కొట్టాను. తప్పు చేసినంత మాత్రాన దొంగలా ఎందుకు వెళ్లాలి?

వదిన భర్త సుబ్బారావు అన్నయ్యగారు అరుగు మీద ఉన్నారు. లేచి వచ్చి సైకిలు అందుకుని, దాన్ని ఎగాదిగా చూసి నీడన పెట్టారు. ముందు మజ్జిగ తాగు తల్లీ, లోపల ఎండ బయటకన్నా ఎక్కువగా ఉంది అని గొంతు తగ్గించి చెప్పారు. మజ్జిగ తర్వాత తాగుతానని తిన్నగా పెరట్లోకి వెళ్లాను.

వదిన చేటలో మినుములు చెరుగుతోంది. తల ఎత్తలేదు.

"అన్ని ఇళ్లూ అయ్యాయా?"

"అయ్యాయి వదినగారూ. మీదే ఆఖరు."

"పాల వరసలో వచ్చావన్నమాట."

"అవునండీ. దగ్గర ముందు, దూరం వెనక. ఆడపడుచు ఇల్లు ముందన్నది నాకు తట్టనే లేదు. పంతులుగారి మీద పెట్టి చెప్పమన్నారు గాని, మీతో అలా చెప్పబుద్ధి కాలేదు."

చేట ఆగింది. ఎవరు చెప్పమన్నారని అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"మరి బొట్టెవరు పెడతారు?"

"ఇన్ని ఇళ్లలో భరిణె చాచి నిలబడ్డాను. వాళ్లే పెట్టుకున్నారు. మీకు మాత్రం నా చేత్తో పెట్టి పిలవాలని ఉంది. ఇది మీ తమ్ముడి ఇంటి పిలుపు. మీరు వద్దంటే భరిణె ఇక్కడ పెట్టి మాటతోనే పిలుస్తాను. పిలవకుండా మాత్రం వెళ్లను."

వదిన చేట కింద పెట్టి, అప్పుడు నా మొహంలోకి చూసింది. చూసి, నేను అనుకోని మాట అడిగింది.

"మా వెంకట్ పెళ్లిలో నువ్వెక్కడున్నావు?"

వెంకట్ ఆవిడ కొడుకు. వాడి పెళ్లి మీ తాతయ్య పోయిన తర్వాత అయింది. మీ ఇంట్లోనే ఉన్నానుగా, వంటల దగ్గర చూసుకున్నాను అన్నాను.

"తలంబ్రాలప్పుడు నీకోసం వెతికించాను. మండపం దగ్గర ఊరంతా ఉంది. నా తమ్ముడి తరఫున ఒక్క మనిషి లేదు. నువ్వు వెళ్లి పొయ్యిల పొగలో కూర్చున్నావు. నిన్నెవరైనా లోపలికి పొమ్మన్నారా?"

"ఎవరూ అనలేదు. అనకముందే నేనే వెళ్లాను."

"నా తమ్ముడు పోయాడు. నువ్వు కూడా పోయావని లెక్కేసుకోవాలా నేను? నా కోపం అదీ. వరసదేముంది, దారికి దూరంగా ఉన్నాం, ఆఖరున వచ్చావు."

ఇన్నాళ్లూ పద్ధతి పాటించాననుకున్నాను గాని, ఆవిడ తమ్ముడి చోటు ఖాళీగా వదిలి వచ్చానని నాకు తెలియదు.

వదిన లేచి చేతులు కడుక్కుంటూనే మాట్లాడింది. "కన్యాదానానికి మీ అన్నయ్యగారూ, నేనూ కూర్చుంటాం. నువ్వు నా పక్కనే, నా భుజానికి తగిలేటట్టు నిలబడాలి. లోపలికి వెళ్లావా, పీటల మీంచి లేచి వచ్చి నిన్ను లాక్కొస్తాను. ముహూర్తం దాటిపోయినా సరే. ఒప్పుకుంటేనే బొట్టు."

"నలుగురూ ఏమంటారో వదినా" అనబోయాను.

"గుడివాడ నుంచి ఇక్కడికి సైకిలు తొక్కినదానివి, నలుగురి గురించి నువ్వు మాట్లాడకు" అంది.

ఒప్పుకున్నాను. వదిన పీట వాల్చుకుని తూర్పుగా కూర్చుంది. మొహం పైకెత్తి, ఊఁ, పెట్టు అంది. ఇన్నేళ్లూ ఎవరికీ బొట్టు పెట్టని వేలికి ఎంత కుంకుమ తీయాలో తెలియలేదు. వేలినిండా తీసి పెట్టాను. బొట్టు పెద్దదైపోయింది. వదిన అద్దం తెప్పించుకుని చూసుకుంది. పెళ్లికి పిలిచావా, జాతరకి పిలిచావా అంది. అయినా తుడుచుకోలేదు. సాయంత్రం పేరంటాళ్లు ఎవరో వస్తే వాళ్లకూ అలాగే కనిపించింది. మా మరదలు పెట్టింది అని అడక్కుండానే చెప్పింది. మగవాళ్లకు పిలుపు లేదా అని అన్నయ్యగారు గుమ్మంలోంచి అడిగితే, శుభలేఖ ఆయన చేతిలో పెట్టి, ఆ తర్వాత మజ్జిగ తాగాను.

పెళ్లిలో వదిన అన్నంతా చేసింది. పీటల మీద కూర్చోగానే తల తిప్పి నన్ను చూసింది. నేను అక్కడే ఉన్నాను. ధారపోసేటప్పుడు ఆవిడ భుజం నాకు తగులుతూనే ఉంది. ఎవరో గొణిగారు. గొణిగినవాళ్లు కూడా భోజనం చేసే వెళ్లారు. మీ అమ్మ తల వంచుకుని నవ్వుకోవడం నేను చూశాను. మండపం పక్కన నిలబడ్డాను గనక చూశాను.

అదమ్మా ఆఖరి రోజు సంగతి. నా తర్వాత దీన్ని చెప్పవలసింది నువ్వే. సైకిలు సంగతి అందరూ చెప్పుకుంటారు, అది వదిలేసినా పరవాలేదు. వెంకట్ పెళ్లిలో ఎక్కడున్నావని మీ సత్యవతమ్మ అమ్మమ్మ అడిగిన మాట మాత్రం మార్చకుండా గుర్తుపెట్టుకో. ఏ పెళ్లిలోనైనా ఎవరైనా వంటల దగ్గరికి తప్పుకుని కూర్చుంటే, వెళ్లి పక్కన కూర్చుని ఇదంతా చెప్పి, చెయ్యి పట్టుకుని ఇవతలికి తీసుకురా.